అర మిల్లీమీటరు

"ముసిలోడు పోయాడు" అని ప్రకాశ్ కింద వీధిలో నిలబడే చెప్పాడు. స్కూటరు ఇంజను కూడా ఆపలేదు. ఊరి బయట తిఫ్రాలో లారీల గోడౌన్ దగ్గర గుమాస్తా పని చేసే ప్రకాశ్ ఎర్రటి ఎండలో తెలిపారాలోని మా ఆఫీసు దాకా వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. నేను పిట్టగోడ మీంచి వంగి "ఎప్పుడు?" అన్నాను.

"పొద్దున్నే. సాయంత్రం నాలుక్కి తీసుకెల్తారంట. నానైతే ఎల్ను. నీకు చెప్పాలనిపించింది."

శవాన్ని చూడ్డానికి వెళ్ళనని చెప్పడానికి అంత దూరం వచ్చాడు. నేనూ వెళ్ళలేదు. అతని కారణం వేరు, నాది వేరు.

చనిపోయినాయన రైల్వేలో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరై, మా సేఠ్ నడిపే సర్వే ఆఫీసులో చేరారు. బట్టల కొట్టు మీద మూడు గదులు. రోడ్లకీ, కాలవలకీ, కరెంటు లైన్లకీ దారి కొలిచి పటాలు గీసి ఇవ్వడం మా పని. అందరం మాస్టారని పిలిచేవాళ్ళం. మా నాన్న రైల్వే షెడ్డులో ఫిట్టరు. పాలిటెక్నిక్ చదివిన ఆడపిల్లకి బిలాస్‌పూర్‌లో పని దొరకదని, మాస్టారి ఇంటికి నాలుగుసార్లు తిరిగి నన్ను అక్కడ పెట్టించాడు. ఆ నాలుగుసార్లూ మాస్టారు మా నాన్నని గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడారు.

మే నెలలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకునేవారు. చెమట చుక్క ట్రేసింగు కాగితం మీద పడకూడదని. చేతి కింద ఎప్పుడూ ఒక మడత తువ్వాలు. మనం గీసింది తీసుకెళ్తే ముందు చూసేవారు కాదు. కిటికీ దగ్గరికి పోయి, కాగితాన్ని తిరగేసి, వెనకవైపు నుంచి వెలుగులో చూసేవారు. తప్పుంటే చేతికి ఇవ్వరు. నేల మీద వదిలేస్తారు. మనం వంగి తీసుకునే దాకా అక్కడే నిలబడి ఉంటారు.

తప్పంటే పెద్దదేం కాదు, అర మిల్లీమీటరు. "అర మిల్లీమీటరంటే ఏటనుకున్నావు? నేల మీద పాతిక మీటర్లు. పాతిక మీటర్లలో ఒక సంసారం పట్టెద్ది" అనేవారు. షీటు మీద సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. లెక్క సరైనదే. అది చెప్పే గొంతే భరించరానిది.

ప్రకాశ్ నాకంటే రెండేళ్ళ ముందు చేరాడు. అతనికి మనుషులు చూస్తూ ఉంటే చెయ్యి వణుకుతుంది. ఒంటరిగా ఉంటే చక్కగా గీస్తాడు. ఒకరోజు మాస్టారు అతన్ని గది మధ్యలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక జానెడు గీత గీయమన్నారు. పక్కనే నిలబడి చూశారు. గీత వణికింది. కాగితం కింద పడేసి, ఇంకోటి ఇచ్చారు. పొద్దున్న పది నుంచి భోజనాల వేళ దాకా అదే పని. ప్రకాశ్ కుర్చీ చుట్టూ కాగితాలు పేరుకున్నాయి. అదే సమయానికి వాళ్ళ నాన్న క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మాస్టారు అతనితో చాలా మర్యాదగా అన్నారు, "మీవాడి చేతికి పెన్ను కాదండి, తట్ట ఇయ్యండి. అది పట్టుకోడానికి వణుకు అడ్డం రాదు." తండ్రీ కొడుకులు ఆ క్యారేజీ విప్పకుండానే వెళ్ళిపోయారు. ప్రకాశ్ మళ్ళీ రాలేదు.

నా వంతు చేరిన నెలలోపే వచ్చింది. ఒక ఊరి పేరులో ఒక అక్షరం తప్పు రాశాను. పటం కింద మూల 'గీసినవారు' అని నా పేరుంటుంది. మాస్టారు సగం బ్లేడు తీసి, నా పేరున్నంత మేర కాగితాన్ని నలుపలకగా కోసేశారు. ఆ కంతతోనే పటాన్ని గోడకి తగిలించారు. రెండు నెలలు ఉంది అది. వచ్చినవాళ్ళు "ఇదేంటి, ఎలకలు కొట్టాయా?" అని అడిగేవారు. ఆయన నా వైపు చూపించి "ఆ పిల్లనడగండి" అనేవారు. ప్రతిసారీ నేను లేచి నిలబడి జవాబు చెప్పాలి.

ఆయన తనని కూడా వదిలేవారు కాదు, అదీ చెప్పాలి. ఒకసారి ఇచ్చేసిన పటంలో తన తప్పు తనకే తోచి, సైకిలు మీద కాంట్రాక్టరు ఇంటికి పోయి దాన్ని వెనక్కి తెచ్చారు. ఎవరూ కనిపెట్టని తప్పు. రెండు రోజులు కూర్చుని మళ్ళీ గీశారు. అప్పుడు కూడా నాకు ఆయన మీద గౌరవం కలగలేదు. ఆ రెండు రోజులూ మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు మరి.

తొంభైల మొదట్లో సేఠ్ కంప్యూటరు కొన్నాడు. పటాలు గీసే ప్రోగ్రాం నేర్చుకు రమ్మని నన్ను మూడు వారాలు నాగ్‌పూర్ పంపించాడు. తిరిగొచ్చేసరికి మాస్టారు తన కుర్చీని కంప్యూటరుకి వీపు పెట్టేలా తిప్పుకున్నారు. "ఏటే, నీ టీవీ ఏటంటంది?" అని గోడ వైపు చూస్తూనే అడిగేవారు.

అప్పటికే ఆయన కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక భూతద్దం కొనుక్కుని, దాన్ని కాగితానికి ఆనించి, ముఖం దాని మీదకి వంచి గీసేవారు. గీత మాత్రం ఎప్పటిలాగే వచ్చేది.

ఆ ఏడాది మాకు ఒక కరెంటు లైను పని వచ్చింది. కర్గీ రోడ్ స్టేషనుకి దక్షిణంగా, తూర్పు నుంచి పడమరకి యాభై ఎనిమిది కిలోమీటర్లు, ఎక్కడా మలుపు లేకుండా నేరుగా పోవాలి. రెండు చివరలా ఒకే అక్షాంశం మీద రెండు రాళ్ళు పాతి ఉన్నాయి. వాటి మధ్య గీత ఎవరి పొలంలోంచి, ఎవరి వాకిట్లోంచి పోతుందో మేం చెప్పాలి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. భూమి గుండ్రం, కాగితం బల్లపరుపు. గుండ్రటిదాన్ని కాగితం మీద పరచడానికి పద్ధతులు చాలా ఉన్నాయి, ఒక్కో పద్ధతికి ఒక్కో రకం పటం వస్తుంది. మా ప్రోగ్రాం మొదట చూపించే పటంలో అక్షాంశాలు గళ్ళ పుస్తకంలో గీతల్లాగా తిన్నగా ఉండేవి. మాస్టారు వాడే సర్వే షీట్లలో అవే అక్షాంశాలు కంటికి ఆనీ ఆనని వంపు తిరిగి ఉంటాయి. ప్రోగ్రాం దృష్టిలో గీత అంటే రెండు చివరి చుక్కలే. తెర మీద ఏ పటం ఉంటే ఆ పటంలో ఆ రెండింటినీ తిన్నగా కలిపేసేది. పటం మారిస్తే చివరలు కదలవు, మధ్య భాగం నేల మీద ఇంకో చోటికి జరుగుతుంది. నాగ్‌పూర్‌లో నాకు ఇది ఎవరూ చెప్పలేదు. మాస్టారికి తెలుసు. కంప్యూటరు ముట్టుకోకుండానే తెలుసు.

మూడు షీట్లు అతికించి, దారం లాగి, సూదితో గుచ్చి ఆయన తన గీత గీశారు. సరిగ్గా మధ్యలో, కోటా వెళ్ళే దారిలో ఒక చిన్న పేట ఉంది. ఆ పేట చివరి ఇల్లు ఫూల్‌బాయి అనే ఆవిడది. పెంకుటిల్లు, ఇద్దరు కూతుళ్ళు, మొగుడు లేడు. మాస్టారి గీత ఆ ఇంటికి ఉత్తరంగా ఇరవై ఎనిమిది మీటర్ల అవతల ఖాళీ పొలంలోంచి పోయింది. నా గీత నట్టింట్లోంచి పోయింది.

లైను వేయించుకునే కంపెనీ ఇంజనీరు వచ్చిన రోజు రెండు పటాలూ పక్కపక్కన పెట్టారు. ఇంజనీరు సాహెబు చూసి "రెండు గీతలెందుకున్నాయి?" అన్నాడు హిందీలో.

మాస్టారు లేచారు. ఆయన హిందీ రైల్వే హిందీ. గీత అక్షాంశం వెంట పోదని, మధ్యలో దానికి కొంచెం ఉత్తరంగా పోతుందని, కంప్యూటరు అక్షాంశాన్నే గీతనుకుంటోందని చెప్పారు. తరవాత నా వైపు తిరిగి, తెలుగులో, "పేట దగ్గర పెట్టి, ఆ పేజీ మార్చి చూడవే ఒకసారి. నా షీటు పేజీ పెట్టు. ఏటవుద్దో నీకే తెలుస్తది" అన్నారు.

సాహెబు, సేఠ్ కాగితాల మీదకి వంగి ఉన్నారు. నేను తెర మీద పేటని పెద్దది చేసి, పటం మార్చే మీట నొక్కాను. గీత ఇంటి మీదనుంచి లేచి పొలంలో పడింది.

నేను చూశాను. నాకు అర్థమయింది కూడా. వెంటనే వెనక్కి మార్చేశాను. వాళ్ళు తలెత్తేసరికి గీత మళ్ళీ ఇంటి మీదే ఉంది.

"ఏమీ మారలేదు సాబ్" అన్నాను.

ఆయన తెర వైపు చూశారు. ఆ కళ్ళకి అంత దూరంలో సన్నటి గీత ఆనదని నాకు తెలుసు. ఆ క్షణంలో నేను అక్కడితో ఆపి ఉంటే వేరే సంగతి. ఆయన భూతద్దం బల్ల మీద ఉంది. దాన్ని తీసి నా సొరుగులో పెట్టుకున్నాను. షీటు మూలనున్న చిన్న అంకెల వరస చూపించి, "మాస్టారూ, ఈ నంబరు ఒక్కసారి చదివి పెట్టండి" అన్నాను.

ఆయన కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు. దూరంగా పెట్టారు. బల్ల మీద భూతద్దం కోసం చేత్తో తడిమారు. గది అంతా చూస్తూ ఉంది. సేఠ్ "అచ్ఛా, పఢియే బాబూజీ" అన్నాడు, చదవండి అని. ఆయన ఒక అంకె చెప్పారు. అది తప్పు. ఇంకోటి చెప్పారు. అదీ తప్పే. సాహెబు నవ్వి, నా పటాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళయినా దాన్ని మరో పేరుతో పిలవలేను. సాయంత్రానికల్లా సేఠ్ ఆయన్ని రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. ఆయన తువ్వాలు మడిచి, పెన్నులు డబ్బాలో సర్దుకుని, భూతద్దం కోసం ఒకసారి వెతికి, అడగకుండానే వెళ్ళిపోయారు.

అక్కడితో ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. రైల్వే పాసు మీద కర్గీ రోడ్ దాకా పాసింజరులో పోయి, అక్కణ్ణుంచి నడిచి ఆ పేటకి వెళ్ళారట. ఫూల్‌బాయిని కూర్చోబెట్టి, లైను నీ ఇంటి మీంచి పోకూడదు, ఆ పొలంలోంచి పోవాలి అని చెప్పారట. ఆవిడ పేరన తహసీల్ ఆఫీసుకి అర్జీ రాశారు. గీత తప్పని సాక్ష్యంగా, గీతలు గీసి తలపండిన మనిషిగా కింద ఆయన సంతకం పెట్టాలి.

ఒక ఆదివారం వాళ్ళ కోడలు కబురు పంపిస్తే వెళ్ళాను. కొడుకు రైల్వే గార్డు, మాస్టారు అతని క్వార్టర్లోనే ఉండేవారు. మంచం మీద ఆయన, పక్కన స్టూలు మీద అర్జీ. నన్ను గుమ్మం బయట నిలబెట్టలేదు. కుర్చీ వేయించారు.

"చూడమ్మా" అన్నారు. అప్పటిదాకా నన్ను 'ఏటే' తప్ప ఇంకోలా పిలవలేదు. "నా కళ్ళ సంగతి నీకు తెలుసు. అర మిల్లీమీటరు నాను గీసానో, గీసాననుకున్నానో నాకే తెలీడం లేదు. ఆ రోజు పేజీ మార్చినావు కదా. గీత జరిగిందా, లేదా?"

నేను స్టూలు మీద అర్జీ వైపు చూశాను.

"నా మీద కోపం ఉంటాది. ఉండొచ్చు. అది పక్కన పెట్టి చెప్పు. జరిగిందంటే ఇప్పుడే సంతకం పెట్టెస్తాను. జరగలేదంటే పెట్టను. తెలీని దానికి నాను సాక్ష్యం చెప్పను."

కోడలు టీ తెచ్చింది. ఆయన చెయ్యి స్టూలు మీద కాగితం అంచుని రాస్తూ ఉంది. నేను నిజం చెబితే సేఠ్ ముందూ, సాహెబు ముందూ నేనే అబద్ధమాడానని తేలుతుంది. ఉద్యోగం పోతుంది. అది ఒక్కటే కారణమైతే ఈ పాటికి నన్ను నేను క్షమించుకునేదాన్ని. గోడకి తగిలించిన ఆ పటమూ, నా పేరు ఉండాల్సిన చోట కంతా కళ్ళ ముందు మెదిలాయి.

"జరగలేదు మాస్టారూ" అన్నాను.

"గట్టిగా చూసినావా?"

"చూశాను. ఇంటి మీదే ఉంది."

ఆయన తలూపారు. "అయితే నా కళ్ళే" అన్నారు. అర్జీని నాలుగు ముక్కలు చేసి, ముక్కలు కింద పడకుండా జేబులో పెట్టుకున్నారు. "టీ తాగమ్మా, చల్లారిపోద్ది" అన్నారు.

మరుసటి వారం ఆయన మళ్ళీ పేటకి వెళ్ళి, తప్పు తనదేనని, లేనిపోని ఆశ పెట్టానని ఫూల్‌బాయికి చెప్పి వచ్చారని సర్వే కుర్రాళ్ళ ద్వారా తెలిసింది. ఇల్లు తీసేసేటప్పుడు నేను కూడా కొలతలకి వెళ్ళాల్సి వచ్చింది. పలుగులతో వచ్చిన కూలీలని ఆవిడ కాసేపు ఆగమంది. ఇద్దరు కూతుళ్ళతో కప్పు ఎక్కి, పెంకులు ఒక్కొక్కటీ తీసి, పగలకుండా చెట్టు కింద పేర్చుకుంది. మధ్యలో నా చేతిలో పటం చూసి ఛత్తీస్‌గఢీలో అడిగింది, "యే లకీర్ లా కోన్ ఖీంచిస్ హే?" ఈ గీత ఎవరు గీశారు అని. "మిషన్ గీసింది" అన్నాను.

ఆ తరవాత నాకు భయం పట్టుకుంది. ఎప్పుడైనా ఎవరైనా ఆ మీట నొక్కితే గీత పొలంలోకి దూకుతుంది. అందుకని ఫైలు తెరిచి, గీత పొడుగునా అక్షాంశం వెంబడే వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. ప్రోగ్రాం ఆ చుక్కలన్నిటినీ పట్టుకుని ఉంటుంది. ఇక ఏ పటంలోకి మార్చినా గీత ఆ ఇంటి మీదనుంచి కదలదు. ఇల్లు అప్పటికే లేదు.

ఆరేడు నెలలకి మాస్టారు మెట్లెక్కి వచ్చారు. కళ్ళకి ఆపరేషన్ చేయించుకున్నారట. మందపాటి కొత్త అద్దాలు. మనిషి సగమయ్యారు. సేఠ్ కాంపులో ఉన్నాడు. ఆఫీసులో నేనూ, టీ పెట్టే ఆవిడా తప్ప ఎవరూ లేరు.

"ఉద్యోగానికి రాలేదమ్మా. ఒక్కసారి ఆ గీత నా కళ్ళతో చూసి పోతాను. ఎక్కడ తప్పు చేసానో తెలిస్తే చాలు."

కుర్చీ తెచ్చి కంప్యూటరు ముందు వేశాను. జీవితంలో మొదటిసారి ఆయన దాని ఎదురుగా కూర్చున్నారు. పేట చూపించాను. పటం మార్చాను. గీత కదల్లేదు. మళ్ళీ మార్చాను. కదల్లేదు. ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఊఁలో ఒక రకమైన నెమ్మది ఉంది. తప్పు తనదేనని తేలితే ఇంత నెమ్మది వస్తుందని నాకు తెలియదు.

ఆయన లేవబోతూ ఆగి, వేలు తెరకి తగలకుండా ఒక చోట చూపించారు.

"ఈ చుక్కలేటి?"

గీతని ఎంచుకుని ఉన్నప్పుడు ప్రోగ్రాం చుక్కలన్నిటినీ చిన్న చదరాలుగా చూపిస్తుంది. నాకు ఆ సంగతే తట్టలేదు. తూర్పు నుంచి పడమర దాకా బారులు తీరి ఉన్నాయి.

"నేరు గీతకి రెండు చుక్కలు చాలు కదా" అన్నారాయన. గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే గొంతు అది. "మధ్యలో చుక్కలు పెట్టేది దేనికి? ఒంపు తిప్పడానికి. ఇది నువ్వు పెట్టినావా?"

"పెట్టాను."

"ఎప్పుడు?"

"ఇల్లు తీసేశాక."

ఫ్యాను తిరుగుతోంది. ఆయన చాలాసేపు ఆ చదరాలని ఒక్కొక్కటే చూశారు. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. బల్ల మీద కాగితాలు నేల మీద పడేస్తే వంగి ఏరుకుందామనుకున్నాను. ఆయన అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ రోజు జరిగిందంటే సంతకం పెట్టెద్దును కదమ్మా" అన్నారు.

మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా, "ఆవిడిప్పుడు ఎక్కడుంటంది?" అని అడిగారు.

"తెలీదు" అన్నాను. అప్పటికి అది నిజమే.

సేఠ్‌కి చెబుతారని వారం రోజులు నిద్రపోలేదు. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆయన చేసిన పని వేరు. పేటలో అడిగితే ఫూల్‌బాయి కూతుళ్ళని తీసుకుని తిఫ్రా వైపు పనికి పోయిందని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆదివారమాదివారం ఆయన తిఫ్రా వెళ్ళేవారు. ఫ్యాక్టరీల వెనక గుడిసెల వరసల్లో, వారానికో వరస చొప్పున, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి పేరు చెప్పి అడిగేవారు. ఇదంతా ప్రకాశ్ చెప్పాడు. గోడౌన్ ముందునుంచే వెళ్ళేవారట. ఒకసారి ఆయన ప్రకాశ్‌ని గుర్తుపట్టి, మంచినీళ్ళు అడిగారట. "ఇవ్వలేదు" అన్నాడు ప్రకాశ్. ఎందుకు వెతుకుతున్నారో అతనికి తెలియదు.

రెండో ఏడాది వర్షాకాలంలో ఒక కొలత పని మీద తిఫ్రా వెళ్ళాను. లారీల బాడీలు కట్టే షెడ్డు వెనక, ఒక గుడిసె ముందు ఫూల్‌బాయి బట్టలు ఉతుకుతోంది. మాస్టారు వెతుకుతున్న వరసలకి ఆ గుడిసె రెండు సందుల అవతల ఉంది. షెడ్డు అడ్డంగా ఉండబట్టి ఆ వెనక మనుషులుంటారని రోడ్డు మీంచి తెలియదు. ఆవిడ తలెత్తి నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. నేను గొడుగు కొంచెం దించుకుని ముందుకి నడిచాను.

ఆ సాయంత్రమే రైల్వే క్వార్టర్స్‌కి పోయి చెప్పొచ్చు. ఒక్క మాట. చెబితే ఆయన మరునాడే అక్కడికి వెళ్తారు, ఆవిడ ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెబుతారు, గీత ఎవరు గీశారో ఆవిడకి తెలుస్తుంది. నేను చెప్పలేదు. ఆ తరవాత ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికారు. ఆ నాలుగేళ్ళూ ఆదివారాలు తిఫ్రా వెళ్తూనే ఉన్నారు. ఒకటి రెండుసార్లు బస్సు కిటికీలోంచి చూశాను, పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర బొత్తాం. ఒక గుమ్మం ముందు నిలబడి లోపలివాళ్ళతో ఏదో అడుగుతున్నారు. బస్సు ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, కదిలింది. నేను దిగలేదు.